కంటిగుడ్డు తలల బ్యాండ్ ద రెసిడెంట్స్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎనభైల నాటి బ్యాండ్ అని చెప్పి ఇంటికొచ్చిన ఫ్రెండ్స్‌కి వీళ్ళ వీడియో ఒకటి పెడితే వరస ఎప్పుడూ ఒకటే. మొదట మౌనం, తర్వాత నవ్వు, ఆ తర్వాత ప్రశ్నలు. పదేళ్ళుగా అవే ప్రశ్నలకి అవే జవాబులు చెప్పి నోరు నొప్పి పుట్టి, ఒకచోట రాసి పెట్టేస్తున్నాను.

అసలు ఎవరు వీళ్ళు?

అమెరికాలో లూసియానా రాష్ట్రం ష్రీవ్‌పోర్ట్ ఊరి కుర్రాళ్ళు. అరవైల్లో కాలిఫోర్నియా వైపు బయల్దేరి, మొదట శాన్ మేటియోలో, తర్వాత శాన్ ఫ్రాన్సిస్కోలో స్థిరపడ్డారు. ఆర్ట్ రాక్ అనండి, ప్రయోగాత్మక సంగీతం అనండి, గోల అనండి, మూడూ కొంత కొంత నిజమే. వీళ్ళని గుర్తుపట్టేది పాటతో కాదు, బొమ్మతో. నల్ల కోటు సూటు, తల మీద పొడవాటి టోపీ, మొహం ఉండాల్సిన చోట ఫుట్‌బాల్‌కంటే పెద్ద కంటిగుడ్డు. మా అమ్మ మొదటిసారి చూసి "దిష్టిబొమ్మకే దిష్టి తగిలినట్టుంది కదరా" అంది. ఇంతకంటే మంచి సమీక్ష నేను ఇంతవరకు చదవలేదు.

పేరేంటి అలా? అద్దెకుండేవాళ్ళా?

దాదాపు అంతే. వాళ్ళు చెప్పుకునే కథ ఇది. 1971లో ఒక టేపు తయారుచేసి వార్నర్ బ్రదర్స్ కంపెనీకి పంపారు, దాని మీద పేరు రాయలేదు. అక్కడ నచ్చలేదు, తిప్పి పంపారు. ఎవరికి పంపాలో తెలియక కవరు మీద అడ్రసు రాసి, పైన "రెసిడెంట్స్" అని పెట్టారు, అంటే ఆ ఇంట్లో ఉండేవారికి అని. వీళ్ళు దాన్నే పేరుగా ఉంచేసుకున్నారు.

ఎనభైల బ్యాండ్ అని చెప్పి డెబ్భైల సంగతులు మొదలుపెట్టారేంటి?

ఎనభైల్లో చేసినదానికి మూలాలన్నీ అక్కడే ఉన్నాయి కాబట్టి. వీళ్ళ చేతిలో ఎప్పుడూ పెద్దగా డబ్బు లేదు. లేని డబ్బుని దాచడానికి ప్రయత్నించినప్పుడు దెబ్బతిన్నారు, అదే ఎదురుగా పెట్టి పని చేసినప్పుడు ఇంకెవరూ చేయలేనివి చేశారు. నాకు ఈ బ్యాండ్ మీద ఉన్న పిచ్చికి కారణం ఇదే. కింద జవాబులన్నీ తిరిగి తిరిగి ఇక్కడికే వస్తుంటాయి, ముందే చెప్తున్నా.

మొహాలెందుకు దాచుకున్నారు? ఎవరో బయటపడిందా?

చేసేవాడి మొహం, పేరు జనానికి తెలిస్తే వాడు జనం కోసం చేయడం మొదలుపెడతాడు, ఎవరికీ తెలియనప్పుడే అసలు పని బయటికొస్తుంది అనేది వాళ్ళ సిద్ధాంతం. ఎన్. సెనాడా అనే బవేరియా సంగీతకారుడు నేర్పాడని చెప్తారు. ఆయన అసలు ఉన్నాడో, లేక అది కూడా ఒక మాస్కేనో, మీ ఇష్టం.

ఈ సిద్ధాంతాన్ని మాటల్తో ఆపలేదు. 1974లో ఒక ఆల్బమ్ రికార్డు చేసి, చేసినవాళ్ళే దాన్ని పూర్తిగా మర్చిపోయేదాకా విడుదల చేయకూడదని పక్కన పెట్టారు. 1978లో ఇంకో ఆల్బమ్ ఆలస్యమై, అమ్మడానికి సరుకు లేకపోయేసరికి దాన్ని బయటికి తీశారు. దాని పేరు కూడా "నాట్ అవైలబుల్". సిద్ధాంతం సిద్ధాంతమే, వ్యాపారం వ్యాపారమే.

వీళ్ళ తరఫున మాట్లాడటానికి 1976లో క్రిప్టిక్ కార్పొరేషన్ అని పెట్టారు. హోమర్ ఫ్లిన్, హార్డీ ఫాక్స్, జే క్లెమ్, జాన్ కెనడీ, వీళ్ళంతా "మేం మేనేజర్లం మాత్రమే" అనేవారు. ఎవరూ నమ్మేవారు కాదు, ఎవరూ గట్టిగా అడిగేవారూ కాదు. చివరికి హార్డీ ఫాక్స్ తనే ముఖ్య సంగీతకర్తనని చెప్పుకుని, 2018లో చనిపోయారు. హోమర్ ఫ్లిన్ ఇప్పటికీ బ్యాండ్ ప్రతినిధిగానే మాట్లాడతారు.

మొదటి రికార్డులు ఎవరైనా కొన్నారా?

లేదు. ఎవరూ తీసుకోకపోవడంతో రాల్ఫ్ రికార్డ్స్ అని సొంత కంపెనీ పెట్టుకుని, 1972లో "శాంటా డాగ్" అనే చిన్న రికార్డుల జతని క్రిస్మస్ కార్డులాగా పంచారు. ఒకటి అప్పటి అధ్యక్షుడు నిక్సన్‌కి కూడా పంపారు.

1974లో "మీట్ ద రెసిడెంట్స్" వచ్చింది. అట్ట మీద బీటిల్స్ ఆల్బమ్ ఫొటోనే తీసుకుని, మనం స్కూల్లో పుస్తకాల మీద నాయకుల బొమ్మలకి మీసాలు, కోరలు గీసినట్టు గీసి పెట్టారు. వెయ్యి పైచిలుకు కాపీలు కొట్టిస్తే మొదటి ఏడాది అమ్ముడుపోయినవి నలభై అని వాళ్ళే చెప్తారు. బీటిల్స్ రికార్డు కంపెనీ ఊరుకోలేదు, అందుకని 1977లో మళ్ళీ వేసినప్పుడు అట్ట మార్చి, సూట్లు వేసుకున్న రొయ్యల్లాంటి జీవాల్ని, ఒక నక్షత్ర చేపని పెట్టారు. నాకైతే రెండో అట్టే ఎక్కువ ఇష్టం.

"వైల్‌నెస్ ఫ్యాట్స్" అని ఏదో సినిమా అంటారు, ఎక్కడా దొరకదేం?

పూర్తి కాలేదు కాబట్టి. 1972 నుంచి 1976 దాకా నాలుగేళ్ళు తీశారు. శాన్ ఫ్రాన్సిస్కోలో సికమోర్ వీధిలో వాళ్ళుండే బిల్డింగ్ కింది భాగం పెద్ద హాలులా ఉండేది. అక్కడే అట్టలతో, రంగులతో సెట్లు వేసేవారు, తీసేవారు, మళ్ళీ అదే చోట ఇంకోటి వేసేవారు. వేషాలు, సెట్లు, కెమెరా, అన్నీ సొంత చేతులే. అర అంగుళం నలుపు-తెలుపు వీడియో టేపు మీద పద్నాలుగు గంటల పైచిలుకు తీశారు.

ప్రపంచంలో మొట్టమొదటి వీడియో సినిమా మనదే కావాలన్న పట్టుదల వాళ్ళది. ఇంతలో టెక్నాలజీ ముందుకెళ్ళిపోయింది. ఆ టేపు నాణ్యత థియేటర్‌కి పనికిరాదని తేలింది. ఇల్లు మారాల్సి వచ్చింది. కథ కూడా ఎటు పోతోందో వాళ్ళకే అర్థం కాలేదని నా అనుమానం. మూట కట్టి పక్కన పెట్టేశారు. 1984లో ఆ టేపుల్లోంచి అరగంట ఏరి "వాటెవర్ హాపెండ్ టు వైల్‌నెస్ ఫ్యాట్స్?" అని విడుదల చేశారు. ఆ అరగంట చూడండి, మిగతా పదమూడున్నర గంటలు చూడలేదని బాధపడరు.

అయితే ఆ నాలుగేళ్ళు వృథా కాలేదు. అట్టముక్కతో గోడ ఎలా చేయాలి, ఒక్క లైటుతో ముగ్గురి నీడలు ఎలా పడతాయి, కెమెరాకి ఏం చూపించకూడదు, ఇదంతా అక్కడే నేర్చుకున్నారు. డబ్బులు ఇచ్చి ఏ ఫిల్మ్ స్కూల్‌కి పోయినా అంతే కదా.

ఆ న్యూస్‌పేపర్ వీడియో ఏంటి?

ఇదే నేను అందరికీ మొదట చూపించేది. 1976 ఆల్బమ్ "ద థర్డ్ రైఖ్ అండ్ రోల్" కోసం తీసింది. పాటలకి వీడియోలు తీసే ఛానల్ రావడానికి ఇంకా ఐదేళ్ళుందన్న సంగతి గుర్తుపెట్టుకుని చూడండి.

నలుపు-తెలుపు. గోడంతా న్యూస్‌పేపర్. నేలంతా న్యూస్‌పేపర్. మనుషులు తల నుంచి కాళ్ళ దాకా న్యూస్‌పేపర్ బట్టలు, కోసుగా ఉన్న న్యూస్‌పేపర్ ముసుగులు. కదిలితే తప్ప ఎక్కడ గోడ ఆగింది, ఎక్కడ మనిషి మొదలయ్యాడో తెలియదు. కదిలినప్పుడు మాత్రం గోడకే ప్రాణమొచ్చి డప్పు కొడుతున్నట్టుంటుంది. రంగుల ఫిల్ము, మంచి సెట్టు ఉంటే ఈ ఎఫెక్ట్ వచ్చేదే కాదు. కాగితం చవక కాబట్టి కాగితం వాడారు, అన్నీ కాగితమే కాబట్టి మనిషి మాయమయ్యాడు. తర్వాత భాగంలో బొమ్మల్ని కొంచెం కొంచెం జరుపుతూ ఫ్రేము తర్వాత ఫ్రేము తీసిన స్టాప్ మోషన్ ఉంటుంది.

న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ తన శాశ్వత సేకరణలో ఈ వీడియోని పెట్టుకుంది. పాత పేపర్లు మన దగ్గర కిలోల లెక్కన పోతాయి, వాళ్ళవి మ్యూజియంలో ఉన్నాయి.

అంత తేలికా? మనమూ తీయొచ్చా?

తేలిక కాదు, నేను తీసి చూశాను. ఇంజినీరింగ్ మూడో ఏడాది, కాలేజ్ ఫెస్ట్ కోసం నేనూ మా బాబాయి కొడుకూ కలిసి పాత తెలుగు పేపర్లతో రెండు సూట్లు కుట్టాం, కాదు, అంటించాం. సినిమా పోస్టర్లు అంటించే మైదా జిగురు పొయ్యి మీద ఉడకబెట్టి, పాత లుంగీ మీద పేపర్ ముక్కలు పొరలు పొరలుగా వేశాం. ఆరడానికి రెండు రోజులు, ఆ రెండు రోజులూ మేడ మీద చీమలే చీమలు.

తొడుక్కున్నాక తెలిసిన సంగతులు చెప్తాను. కూర్చుంటే మోకాలి దగ్గర టప్పున చిరుగుతుంది. చెయ్యి పైకెత్తితే చంకలో. ఫ్యాన్ వేస్తే ముసుగు ఎగిరిపోతుంది, వేయకపోతే చెమటకి అక్షరాలు ఒంటి మీదకి దిగుతాయి. అందుకే ఆ వీడియోలో వాళ్ళు కీ ఇచ్చిన బొమ్మల్లా బిగుసుకుని కదులుతారని అప్పుడు నాకు వెలిగింది. అంతకుముందు అదేదో గొప్ప శైలి అనుకున్నాను. శైలే, కానీ చిరిగిపోతుందన్న భయంలోంచి పుట్టిన శైలి అని నా అనుభవం చెప్తోంది.

ఇంకో సంగతి. నా వీపు మీద ఏ పేజీ పడిందో నేను చూసుకోలేదు. బయల్దేరుతుంటే అమ్మ చూసింది. సరిగ్గా నడి వీపున ఎవరిదో ఫొటోతో సహా శ్రద్ధాంజలి ప్రకటన. "శుభమా అని కాలేజీకి పోతూ ఒంటికి చావు కబురు కట్టుకుంటావేంట్రా" అని అప్పటికప్పుడు చింపించి, దాని మీద బంగారం షాపు ప్రకటన అంటించింది. వీడియో బాగా రాలేదు, కానీ ఆ బంగారం షాపు ప్రకటన మాత్రం బాగా పడింది.

థర్డ్ రైఖ్ అంటే నాజీలు కదా? వీళ్ళు ఆ టైపా?

కాదు. అరవైల నాటి హిట్ పాటల్ని తీసుకుని, నరికి, నమిలి, ఉమ్మేసిన ఆల్బమ్ అది. పాప్ సంగీతం కూడా జనాన్ని ఒక వరసలో నిలబెట్టే నియంతలాంటిదే అన్న వెక్కిరింత. అట్ట మీద టీవీ సంగీత కార్యక్రమాల డిక్ క్లార్క్‌ని నాజీ దుస్తుల్లో, చేతిలో క్యారెట్ పెట్టి గీశారు. కానీ వెక్కిరింత అయినా ఆ గుర్తులతో ఆడుకోవడం అందరికీ రుచించలేదు, వీడియోలోని ఆ కోసు ముసుగులు అమెరికాలో ఇంకో భయంకరమైన సంఘాన్ని, నల్లవాళ్ళ మీద దాడులు చేసిన కు క్లక్స్ క్లాన్‌ని కూడా గుర్తుచేస్తాయి. చూసి ఇబ్బంది పడినవాళ్ళని తప్పుపట్టలేం. నాకూ ఆ అట్ట గోడకి పెట్టుకోవాలనిపించదు.

కంటిగుడ్లు ఎప్పుడొచ్చాయి?

1979లో, "ఎస్కిమో" ఆల్బమ్‌తో. అట్ట మీద నలుగురూ ఆ వేషంలో కనిపిస్తారు. ఒక ఫొటో కోసం వేసిన వేషం జీవితాంతం అతుక్కుపోయింది.

ఆ ఆల్బమ్‌లో గాలి హోరు, గొణుగుళ్ళు, కల్పించిన భాషలో కేకలు. శ్రద్ధగా వింటే ఆ గిరిజన మంత్రాల్లాంటి వాటిలో కోకా-కోలా ప్రకటన నినాదం వినిపిస్తుంది, మొత్తం పెద్ద కొంటె పని అని అప్పుడు తెలుస్తుంది. ఆర్కిటిక్ ప్రజల గురించి వాళ్ళని అడగకుండా అల్లిన కథ, ఎస్కిమో అన్న పేరు కూడా ఇవాళ ఆ ప్రజల్లో చాలామందికి నచ్చదు. శబ్దంగా మాత్రం చలి పుట్టిస్తుంది, నిజంగానే.

ఒక్కో పాట ఒక్క నిమిషమే ఎందుకు?

1980 నాటి "కమర్షియల్ ఆల్బమ్" గురించేగా. నలభై పాటలు, ఒక్కోటి ఒక నిమిషం. వాళ్ళ తర్కం ఇది: పాప్ పాటలో ఉండేది ఒక పల్లవి, ఒక చరణం, అదే మూడు నిమిషాల్లో మూడుసార్లు తిప్పుతారు, అంటే అసలు సరుకు ఒక నిమిషమే. ప్రకటనల పాటలు కూడా నిమిషమే. మీకు పూర్తి పాట కావాలంటే వరసగా మూడుసార్లు వినండి, అని అట్ట మీదే రాశారు.

అక్కడితో ఆగితే జోక్. వీళ్ళు ఆగలేదు. శాన్ ఫ్రాన్సిస్కోలో కేఎఫ్ఆర్‌సీ అనే పాపులర్ రేడియో స్టేషన్ వీళ్ళ పాట చచ్చినా వేయదు కదా, అందుకని అక్కడ ఒక్కో నిమిషం నిడివి ప్రకటనల స్లాట్లు నలభై కొన్నారు. ఒక్కో స్లాటులో ఒక్కో పాట. మొత్తం ఆల్బమ్ అలా టాప్ స్టేషన్‌లో మోగింది. పెద్ద కంపెనీలు పాట వేయించుకోవడానికి ఎన్ని పాట్లు పడతాయో తెలిసినవాళ్ళకి దీంట్లో మజా ఇంకా బాగా అర్థమవుతుంది.

గిటారిస్టులు ఫ్రెడ్ ఫ్రిత్, స్నేక్‌ఫింగర్, డ్రమ్మర్ క్రిస్ కట్లర్ ఈ ఆల్బమ్‌లో వాయించారు. ఎక్స్‌టీసీ బ్యాండ్ ఆండీ పార్ట్రిడ్జ్ దొంగ పేరుతో ఒక పాట పాడాడు.

వాటికి వీడియోలు ఉన్నాయా?

నలభైకీ తీయడానికి డబ్బెక్కడిది, నాలుగింటికి తీశారు: "మాయిశ్చర్", "ద యాక్ట్ ఆఫ్ బీయింగ్ పొలైట్", "పర్ఫెక్ట్ లవ్", "ద సింపుల్ సాంగ్". కలిపి పేరు "వన్ మినిట్ మూవీస్". గ్రేమ్ విఫ్లర్ అనే దర్శకుడితో కలిసి చేసినవి. ఇవీ ఇప్పుడు అదే న్యూయార్క్ మ్యూజియంలో ఉన్నాయి.

వీటి అదృష్టం ఏంటంటే, 1981 ఆగస్టులో ఎంటీవీ మొదలయ్యేటప్పటికి ఇరవై నాలుగు గంటలు నింపడానికి దాని దగ్గర వీడియోలు లేవు. ఉన్నవి ఎవరివైనా సరే వేయాల్సిందే. అలా ఎవరో పెద్ద స్టార్ పాట తర్వాత హఠాత్తుగా ఈ కంటిగుడ్లు జనాల డ్రాయింగ్ రూముల్లోకి వచ్చేవి. తర్వాత పెద్ద కంపెనీలు లక్షల డాలర్లు పోసి వీడియోలు తీయడం మొదలుపెట్టాక వీళ్ళకి చోటు పోయింది. ఆ సందు దొరికిన రెండేళ్ళే వీళ్ళు టీవీలో ఉన్నది.

భయపెట్టేది ఒకటి ఉందట?

"హలో స్కిన్నీ". పాట 1978 నాటి "డక్ స్టాబ్" ఆల్బమ్ రోజులది, వీడియో 1980లో విఫ్లర్ తీశాడు. ఎక్కువ భాగం కదలని నలుపు-తెలుపు ఫొటోలే. ఒక బక్కచిక్కిన మనిషి, ఒక ఫొటో, ఇంకో ఫొటో. మధ్యలో ఏం జరిగిందో చూపించరు, మీ బుర్రే నింపుకుంటుంది, బుర్ర ఎప్పుడూ ఘోరమైనదే నింపుతుంది. రాత్రి ఒంటరిగా చూడకండి అంటే చూస్తారని తెలుసు, అందుకని చెప్పను.

విఫ్లర్ రాల్ఫ్ రికార్డ్స్‌లోని మిగతావాళ్ళకీ తీశాడు, టక్సిడోమూన్ వాళ్ళ "జింక్స్" వెతికి చూడండి.

రికార్డింగ్ ఎలా చేసేవారు? వీళ్ళకి వాయించడం వచ్చా?

మొదట్లో రాదు, వాళ్ళే ఒప్పుకుంటారు. సొంత స్టూడియో ఉంది కాబట్టి గంటకింత అని మీటరు తిరిగేది కాదు, ఒకే శబ్దాన్ని వారం రోజులు చెక్కొచ్చు. వాయించలేనిదాన్ని టేపు కోసి, అతికి, వేగం మార్చి సాధించేవారు. నిజంగా వేళ్ళు తిరిగిన గిటారిస్టు కావాల్సొస్తే స్నేక్‌ఫింగర్ ఉన్నాడు, అసలు పేరు ఫిలిప్ లిత్‌మన్, ఇంగ్లండ్ మనిషి.

ఖర్చుపెట్టిన చోట మాత్రం గట్టిగా పెట్టారు. 1981లో ఎమ్యులేటర్ అనే శాంప్లర్ వచ్చింది. ఏ శబ్దాన్నైనా రికార్డు చేసి కీబోర్డు మెట్ల మీద పెట్టి వాయించుకునే యంత్రం, అప్పట్లో కొత్త కారంత ఖరీదు. దాన్ని మొదట్లోనే కొన్నవాళ్ళలో వీళ్ళున్నారు. 1982 ఆల్బమ్ "ద ట్యూన్స్ ఆఫ్ టూ సిటీస్" ఎమ్యులేటర్ వాడిన తొలి ఆల్బమ్‌లలో ఒకటి.

మోల్ షోలో ఏం జరిగింది?

మునిగిపోయారు. 1981లో "మార్క్ ఆఫ్ ద మోల్" అని పెద్ద కథ మొదలుపెట్టారు. నేలకింద కన్నాల్లో బతికే శ్రమజీవులు వరదకి ఊరొదిలి వలస పోతారు, పోయిన చోట వాళ్ళని చవక కూలీలుగా వాడుకుని తర్వాత ఛీ కొడతారు. పొట్ట చేతపట్టుకుని వలస పోయిన కుటుంబాలవాళ్ళకి ఈ కథ ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

దాన్ని స్టేజి మీద చూపించాలని 1982లో బయల్దేరారు. చేత్తో గీసిన పెద్ద పెద్ద తెరలు, వాటిని జరిపే నటులు, బ్యాండేమో గోనెపట్టా లాంటి తెర వెనక. వ్యాఖ్యాతగా తర్వాత పేరుమోసిన మెజీషియన్ పెన్ జిలెట్. ఆయన పని మధ్యమధ్యలో వచ్చి "ఈ షో బాగాలేదు" అని సణగడం, చివర్లో చక్రాల కుర్చీకి బేడీలేసి కూర్చోబెట్టేవారు. అదంతా నాటకమే, కానీ ఒకసారి ఎవడో ప్రేక్షకుడు నిజమనుకుని కుర్చీకి కట్టేసి ఉన్న ఆయన మీద చెయ్యి చేసుకున్నాడు. 1983లో యూరప్ తిరిగొచ్చేసరికి బ్యాండ్ అప్పుల్లో ఉంది. మేనేజర్లు నలుగురిలో క్లెమ్, కెనడీ అప్పటికే 1982లో వెళ్ళిపోయారు. కథలో మొదటి, రెండో, నాలుగో భాగాలు వచ్చాయి. మూడోది రాలేదు.

కన్ను దొంగతనం నిజమేనా?

నిజమే. 1985 డిసెంబర్ 26, హాలీవుడ్ ప్యాలెస్, షో జరిగిన రోజు స్టేజి వెనక నుంచి ఒక కంటిగుడ్డు ఎత్తుకెళ్ళారు. దాని చోట పెద్ద పుర్రె పెట్టుకుని టూర్ పూర్తిచేశారు. తర్వాత కన్ను దొరికింది, కానీ మైలపడిందన్నట్టు మళ్ళీ వేసుకోలేదు. నాలుగు కళ్ళలో ఒకటి పుర్రె అయ్యాక బొమ్మ ఇంకా బాగా కుదిరింది.

ఎనభైల చివర్లో?

అమెరికా సంగీతకర్తల మీద 1984లో ఒక సిరీస్ మొదలెట్టారు, 2000 దాకా నడుపుతామన్నారు, రెండు ఆల్బమ్‌లకే ఆగింది. హక్కుల ఖర్చు మామూలుది కాదు. కానీ ఆ రెండోదాంట్లో హ్యాంక్ విలియమ్స్ పాట "కా-లైగా"ని మైకేల్ జాక్సన్ "బిల్లీ జీన్" బేస్ లైన్ మీద కూర్చోబెడితే యూరప్ క్లబ్బుల్లో జనం ఎగిరారు. 1987 జులై 1న స్నేక్‌ఫింగర్ ఆస్ట్రియాలోని లింజ్‌లో టూర్ మీద ఉండగా గుండెపోటుతో పోయాడు. ఆ తర్వాతి ఆల్బమ్‌లలో గిటార్ ఉన్నా, నేను వెతికే గిటార్ ఉండదు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

వినడానికి "డక్ స్టాబ్", తర్వాత "కమర్షియల్ ఆల్బమ్". "ఎస్కిమో"తో మాత్రం మొదలుపెట్టొద్దు. చూడటానికి 2001లో వచ్చిన "ఐకీ ఫ్లిక్స్" డీవీడీ, దాంట్లో ప్రతి వీడియోని పాత ఆడియోతోనూ, కొత్తగా రికార్డు చేసిన ఆడియోతోనూ మార్చి మార్చి చూడొచ్చు. పాత ఆల్బమ్‌లని 2018 నుంచి చెర్రీ రెడ్ కంపెనీ ఎన్నడూ వినని ముక్కలతో కలిపి మళ్ళీ వేస్తోంది.

అన్నీ ఒకేసారి కొనాలంటే?

2012లో ఆ ఏర్పాటూ చేశారు. ఒక పెద్ద ఫ్రిజ్, అందులో మొదటి ముద్రణ రికార్డులన్నీ, పైగా ఒక కంటిగుడ్డు మాస్కు. ధర లక్ష డాలర్లు. మా అమ్మకి చెప్తే అడిగింది ఒక్కటే, "ఫ్రిజ్ పనిచేస్తుందా?"